బడిని కలిపేయండి, రిజిస్టర్లను మాత్రం పారేయకండి

సంపాదకులు గారికి,

హైదరాబాద్‌లో పాత బాలుర హైస్కూళ్ల గురించి ఎవరు రాసినా భవనాలతోనే మొదలుపెడతారు. మూసీ ఒడ్డున ఆంగ్లేయ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నమూనాతో సిటీ హైస్కూలుకు లేచిన మేడ, 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు ప్రసంగించిన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీ, 1855 నాటి ఆల్ సెయింట్స్. అవన్నీ చెప్పుకోవలసినవే. అయితే పేరున్న బడికి చరిత్ర రాసేవాళ్లు ఎప్పుడైనా దొరుకుతారు. బస్తీలో సర్కారు బాలుర ఉన్నత పాఠశాలకు ఉన్న చరిత్రంతా హెడ్మాస్టరు గదిలో, బీరువా అడుగు అరలో ఉంటుంది. అదే దాఖలా (అడ్మిషన్) రిజిస్టరు. పిల్లలు తగ్గారని బడిని పక్క బడిలో కలిపినా, పాత గదులు కూల్చినా ముందుగా దెబ్బతినేది అదే.

ఆ రిజిస్టరులో ఒక్కో పిల్లవాడికి ఒక్క వరుస. దాఖలా నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, తండ్రి చేసే పని, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కులం, మతం, మాతృభాష, ఇంతకుముందు చదివిన బడి, రెండు పుట్టుమచ్చలు, చివరన బడి వదిలిన తేదీ, టీసీ నంబరు. తండ్రి పని గడిని పదేళ్లకోసారి చదువుతూ పోతే ఆ బస్తీ ఏం తిని బతికిందో తెలుస్తుంది. పక్కనున్న మిల్లు మూతపడితే ఆ ఏడాది టీసీలు పెరుగుతాయి. పుట్టిన తేదీల్లో జూన్, జూలై నెలలు ఎక్కువగా కనిపిస్తే, అవి తల్లిదండ్రులు చెప్పినవి కావు, బడి తెరిచే నాటికి వయసు సరిపోయేలా సార్లు వేసినవి. పరిశోధకులు ఈ సంగతి తెలుసుకునే లెక్క కట్టాలి.

చరిత్ర కోసమే కాదు, రిజిస్టరుతో నేటికీ అవసరం ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగ నియామకాలపై 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు చదివిన చోటును బట్టి చూస్తాయి. అందులో ఆరు, ఏడు తరగతుల రుజువు హైస్కూలు దగ్గరే ఉంటుంది. బడి కలిసిపోయాక ఇక్కడ చదివామనే బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లను ఈ బడివాళ్లు ఆ బడికి, ఆ బడివాళ్లు ఉప విద్యాధికారి (డిప్యూటీ ఈవో) ఆఫీసుకు తిప్పడానికి కారణం ఒకటే. రిజిస్టర్లు మూటకట్టి పంపారు గానీ, ఏ సంపుటిలో ఏ నంబరు నుంచి ఏ నంబరు వరకు ఉందో జాబితా రాయలేదు. ఒకే ఆవరణలో రెండు మూడు బడులు నడిచే మన నగరంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఏ బీరువా ఏ బడిదో పాత అటెండరుకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన రిటైరైతే అదీ లేదు.

నిజాం కాలపు సంపుటాలది వేరే కష్టం. అవి ఉర్దూలో, కుడి నుంచి తెరుచుకుంటాయి. నకలు కోసం ఫొటోలు తీసేవాళ్లు ఎడమ నుంచి పేజీ నంబర్లు వేస్తే మొత్తం తలకిందులవుతుంది. ఉర్దూ అంకెల్లో సున్నా ఒక చుక్క మాత్రమే, ఈగ మచ్చ కూడా సున్నాలా కనిపిస్తుంది. రెండుకూ మూడుకూ తేడా అంకె మీద పన్ను లాంటి ఒక్క గీత. తేదీలు ఫస్లీలో, అంటే నిజాం సర్కారు లెక్కలకు వాడిన సంవత్సరంలో ఉంటాయి. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు 6న మొదలయ్యేది. ఆ రోజు నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. ఆజుర్ 1350 అంటే 1940, అదే ఏడాది తీర్ నెల వచ్చేసరికి 1941 వేసవి. అంతటికీ 590 కలిపేసి ఒక ఏడాది తప్పు రాసిన సర్టిఫికెట్‌ను తర్వాత దిద్దించుకోవడం ఎంత కష్టమో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు తెలుసు. పక్కన హిజ్రీ తేదీ కూడా ఉంటే దానికి ఈ కూడిక పనిచేయదు. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి తేడా ఏటా జరుగుతూ ఉంటుంది.

మేలు చేయబోయి చేసే చెరుపూ తక్కువ కాదు. చిరిగిన చోట సెల్లోటేపు అంటిస్తారు. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం పసుపు మరకై అక్షరాల మీద మిగులుతుంది. లామినేషన్ ఇంకా ఘోరం, దాన్ని మళ్లీ విడదీయలేం. వానకు తడిస్తే ఎండలో పెట్టకూడదు, అట్ట వంకరపోతుంది, కాగితం పెళుసెక్కుతుంది. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీల మధ్య తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి, అది తడిసినప్పుడల్లా మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. బీరువాను గోడకు ఆనించకుండా అరడుగు దూరంగా, నేలకు తగలకుండా పెడితే చెద, చెమ్మ రెండూ తగ్గుతాయి.

ఫొటోలకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కిటికీ పక్కన బల్ల, స్టాండుకు బిగించిన ఫోను, ఇద్దరు మనుషులు చాలు. మెత్తని బ్రష్‌తో పేజీ లోపలి నుంచి అంచు వైపు దుమ్ము దులపాలి. ఫ్లాష్ వేయకూడదు. ఒకరు పేజీ తిప్పుతుంటే మరొకరు ఫొటో తీయాలి, ఖాళీ పేజీలు కూడా వదలకూడదు. లేకపోతే మధ్యలో పేజీ చినిగిందో, రాయలేదో తర్వాత తేలదు. అయిదేసి పేజీలకోసారి ఫొటోను పెద్దది చేసి అక్షరం చదవడానికి వస్తోందా చూసుకోవాలి.

జిల్లా విద్యాశాఖను అడిగేది ఇది. బడిని కలిపే ఉత్తర్వులోనే దాఖలా, టీసీ రిజిస్టర్ల అప్పగింత జాబితాను తప్పనిసరి చేయండి. సంపుటి సంఖ్య, మొదటి నంబరు, చివరి నంబరు, సంవత్సరాలు, పుస్తకం స్థితి రాసి ఇద్దరు హెడ్మాస్టర్లూ సంతకం చేయాలి. రెండు బడుల్లో ఒక్కో ప్రతి, జిల్లా విద్యాధికారి (డీఈవో) కార్యాలయంలో ఇంకో ప్రతి ఉండాలి. 1950కి ముందటి సంపుటాలకు ఉర్దూ పండితుల చేత వరుస వరుసగా తెలుగులో నకలు రాయించి, అసలువి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇవ్వండి. ఆ పాత ఉర్దూ చేతిరాత చదవగలవాళ్లు ఏటేటా తగ్గుతున్నారు కనుక పని వీటితోనే మొదలవ్వాలి. ఫొటోలను మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టొద్దు. వాటిలో బతికున్నవాళ్ల కులం, మతం, పుట్టిన తేదీ ఉన్నాయి.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్