నా పాత వార్తలు దాచి పంపినవారికి కృతజ్ఞతలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా కిటికీలు ఊడగొట్టింది. నా పేపర్ కటింగుల పెట్టె నీళ్లలో నాని ముద్దయిపోయింది. విశాఖలో క్రైమ్ విలేకరిగా అప్పటిదాకా రాసినదంతా అందులోనే ఉండేది. మనవరాలి పోరు పడలేక, ఎవరి దగ్గరైనా నా వార్తలు మిగిలాయా అని గత నెల ఇక్కడ అడిగాను. నేరవార్తలు ఎవరు దాచుకుంటారులే అనుకున్నాను. దాచుకున్నారు.

పెదజాలారిపేట పెద్దాయనకు దండాలు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరు 3-4 రాత్రి మన తీరంలో మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం, కాదని పాకిస్తాన్, ఎవరి మాట వారిదే. నీటి మీద తేలిన శకలాలు చూసిన మత్స్యకారులను చాలా ఏళ్ల తర్వాత కలిసి నేను రాసిన కథనం ఆయన పంపింది. ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులో సగం కోసేశారు, ఆ కోపం నాకింకా చల్లారలేదు. మిగిలిన సగాన్ని ఆయన లామినేషన్ చేయించి ఉంచారు!

మల్కాపురం అమ్మగారు పంపినది 1997 సెప్టెంబరు 14, ఆదివారం నాటి రిఫైనరీ అగ్నిప్రమాదం వార్త. నోటు పుస్తకంలో అన్నం మెతుకులతో అంటించారు. వెనుకవైపు సినిమా ప్రకటన కాగితంలోంచి మసకగా కనిపిస్తోంది. మృతుల జాబితాలో ఒక పేరు కింద పెన్సిలు గీత. ఆ పేర్లు నేను కేజీహెచ్ పెద్దాసుపత్రి మార్చురీ బయట నిలబడి రాసుకున్నవి. ఏడుస్తున్నవారిని ఇంటిపేరు, వయసు మళ్లీ అడిగి సరిచూసుకోవడం ఈ ఉద్యోగంలో నాకు చివరిదాకా అలవాటు కాలేదు. “మావారి ఇంటిపేరు తప్పు లేకుండా వేసింది మీరే” అని ఆమె ఉత్తరం రాశారు.

ఇక పాడేరు, చింతపల్లి, అరకు కంట్రిబ్యూటర్లు, అంటే ఊళ్ల నుంచి మా పేపరుకు వార్తలు పంపేవాళ్లు. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు వద్ద అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపిన రోజున, మేం ఘాట్‌రోడ్డు ఎక్కకముందే నాకు సంగతులు చెప్పింది వాళ్లే. జీతం లేదు, అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటు డబ్బులే. వార్త అచ్చయ్యాక ఇటు పోలీసులు, అటు అన్నలు నిలదీసేది కూడా వాళ్లనే. మేం రాత్రికి నగరానికి దిగిపోయేవాళ్లం. వాళ్ల ఇళ్లు అక్కడే.

చింతపల్లి నుంచి చిరునామా లేకుండా కవరు పంపిన తమ్ముడూ, ఒకసారి ఫోను చెయ్యి. మనవరాలు స్కాన్ చేస్తున్న వార్తల పక్కన నీ పేరు చేర్చాలి. మిగతావారి కటింగులు వచ్చే వారం స్పీడ్‌పోస్టులో తిరిగి పంపుతాను. మల్కాపురం పుస్తకం మాత్రం నేనే తెచ్చి ఇస్తాను.