కావలి బస్సులో పక్క సీటు పెద్దాయనకు

"మా బావ మందు మానాలంటున్నాడు, మానేవాళ్ల మీటింగ్ ఎక్కడో తెలీట్లేదు" అని నేను ఫోన్లో అంటుంటే విని, నెల్లూరు వచ్చేదాకా ఓపిగ్గా విడమరిచి చెప్పిన పెద్దాయనా, మీకు దండాలు.

"చూడబ్బయ్యా, రోజూ తాగేవాడి చేత ఉన్నట్టుండి మాన్పించొద్దు" అన్నారు ముందుగా. మానేసిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పొచ్చు. అందుకే ముందు డాక్టరు, తర్వాతే మీటింగ్. ఆ ముక్క మాకెవరూ చెప్పలేదు.

మందు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఓపెన్ మీటింగుకి ఇంట్లోవాళ్లూ వెళ్లొచ్చు, క్లోజ్డ్‌కి మానాలనుకునేవాళ్లే. మా అక్కలాంటి ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే గ్రూపు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. వెళ్లేముందు ఫోన్ చేసి చోటు, టైము, ఏ భాషో కనుక్కోమన్నారు. తీరా పోయాక తలుపుకి తాళం కనబడితే మనిషి నేరుగా బ్రాందీషాపుకే పోతాడట. నిజమే! ఒక గ్రూపు కుదరకపోతే ఇంకోటి, కనీసం ఆరుసార్లు కూర్చుని చూడమన్నారు.

వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 టికెట్ వెనక రాసిచ్చి, దిగబోతూ మెల్లగా "నాకిది పదకొండో ఏడు" అన్నారు. ఆ టికెట్ అక్క పర్సులోనే ఉంది.