విరిగిన బోల్టును చదివి చెప్పే చోటు కావాలి: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో నాకు ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు ఉంది. మూడు ఫర్నేసులు, ఒక ఆయిల్ ట్యాంకు, గట్టిదనం కొలిచే ఒక రాక్‌వెల్ హార్డ్‌నెస్ మిషను, పదకొండు మంది మనుషులు. వాళ్లలో ఏడుగురు మా అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లే. కంపెనీలు గేర్లు, షాఫ్టులు, బోల్టులు పంపుతాయి. వాటిని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తక్కువ వేడిలో టెంపరింగ్ చేసి, వాళ్లు అడిగిన గట్టిదనం తెచ్చి ఇస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే నా బతుకుతెరువు.

మా నాన్న కదిరి దగ్గర పల్లెలో కమ్మరి. ఉలి మొన కాల్చి నీళ్లలో ముంచి, రాయి మీద కాస్త రుద్ది, తళుక్కుమన్న చోట రంగు ఎలా పాకుతుందో కళ్లార్పకుండా చూసేవాడు. ముందు వరిగడ్డి రంగు, తర్వాత ఊదా, తర్వాత నీలం. తనకు కావలసిన రంగు మొన దగ్గరికి రాగానే మళ్లీ నీళ్లలో ముంచేవాడు. వరిగడ్డి రంగు అంటే దాదాపు 220, 230 డిగ్రీలని, నీలం అంటే 300 దగ్గర అని నాకు పీణ్యకు వచ్చాకే తెలిసింది. నాన్నకు డిగ్రీలు తెలియవు కానీ రంగు తప్పేవాడు కాదు. ఆ విద్య ఎలాగోలా నాకు అందింది. అందనిది ఎక్కడుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నాలుగేళ్ల కిందట ఒక యంత్రాల కంపెనీకి ఎం16 బోల్టులు హీట్ ట్రీట్‌మెంట్ చేసి ఇచ్చాం. 12.9 గ్రేడు, అంటే చాలా బలమైన రకం. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 42 ఆర్‌సీ వచ్చింది, వాళ్లు అడిగిన లెక్కలోనే ఉంది. మా దగ్గర నుంచి అవి జింక్ ప్లేటింగ్‌కు వెళ్లాయి. ఒక సాయంత్రం ఆ కంపెనీ వాళ్లు టార్క్ రెంచ్‌తో బోల్టులు బిగించి, షట్టర్ వేసుకుని ఇళ్లకు వెళ్లారు. మర్నాడు పొద్దున తీసి చూస్తే మూడు బోల్టుల తలలు నేల మీద పడి ఉన్నాయి. రాత్రంతా ఆ యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది అప్పటికి ఒక్క గంట కూడా నడవలేదు.

నేరం మా మీదికే వచ్చింది. లాటు మొత్తం రిజెక్ట్ చేసి, నష్టం మా ఖాతాలో రాసి డెబిట్ నోటు పంపారు. అది మా మూడు నెలల కరెంటు బిల్లంత. నేను ఆ ముక్కలు పట్టుకుని ఒక టెస్టింగ్ ల్యాబుకు వెళ్లాను. గట్టిదనం సరిపోయింది, కెమిస్ట్రీ సరిపోయింది, టెన్సైల్, అంటే లాగితే తట్టుకునే బలం, సరిపోయింది. కారణం అన్న గడిలో ‘ఓవర్‌లోడ్’ అని ఒక్క మాట రాసి ఇచ్చారు. కదలకుండా ఉన్న బోల్టు మీదికి రాత్రికి రాత్రి కొత్త లోడు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు లేదు. తర్వాత ఒక పెద్ద సంస్థకు వెళ్లాను. మర్యాదగానే మాట్లాడారు. ఒక ఫారం ఇచ్చి, ఏ పరీక్ష కావాలో రాయమన్నారు. ఏ పరీక్ష కావాలో తెలిస్తే నాకు జబ్బు సగం తెలిసినట్టే. ఆ గడిలో ఏం రాయాలో తెలియక ఫారం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఐదు నెలల తర్వాత, తెలిసినవాళ్ల పెళ్లిలో ఒక రిటైర్డ్ మెటలర్జిస్టు, అంటే లోహాల నిపుణుడు, కలిశారు. భోజనాల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. “ప్లేటింగ్‌కు ముందు యాసిడ్‌లో ఎంతసేపు ఉంచారు? ప్లేటింగ్ అయ్యాక బేక్ చేశారా?” బేక్ చేయాలన్న సంగతే మాకెవరికీ తెలియదు. ఆయన ఒక బోల్టు తల తీసుకెళ్లి, తన పాత విద్యార్థి సాయంతో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫొటో తీయించి పిలిచారు. ఆ ఫొటో నేను జీవితంలో మరిచిపోను. పటికబెల్లం పలుకులు గుట్టగా పోసినట్టు ఉంది.

“చూశారా, ఉక్కు లోపలంతా ఇలాంటి పలుకులే. మంచి ఉక్కు తెగేటప్పుడు సాగి సాగి తెగుతుంది. అప్పుడు చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఇక్కడ పలుకు పలుకుకీ మధ్య అతుకు విడిపోయింది. ఇది హైడ్రోజన్ పని,” అన్నారు. యాసిడ్‌లో ముంచినప్పుడు, ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి దూరుతుందట. బోల్టు బిగించాక, ఎక్కడ లాగుడు ఎక్కువగా ఉందో అక్కడికి మెల్లగా చేరుతుందట. అందుకే వెంటనే కాదు, గంటల తర్వాత విరుగుతుంది. ఉక్కు ఎంత గట్టిదైతే ప్రమాదం అంత ఎక్కువ. మందు చాలా సులువు. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల మధ్య గంటల తరబడి ఓవెన్‌లో ఉంచితే హైడ్రోజన్ చాలావరకు బయటికి పోతుంది. యాసిడ్‌లో ఉంచే సమయం కూడా తగ్గించాలి.

ఆ ఓవెన్ మా దగ్గరే ఉంది మంత్రి గారూ. రాత్రిళ్లు ఖాళీగానే ఉండేది. ప్లేటింగ్ షాపు మా వెనక వీధిలోనే. ఇప్పుడు ప్లేటింగ్ కాగానే, జింక్ మీద రక్షణ పొర వేసే పాసివేషన్‌కు ముందే, బుట్టలు మా దగ్గరికి వస్తాయి. గోడ మీద తెలుగులో, కన్నడంలో పెద్ద అక్షరాలతో రాయించాను. ఆ తర్వాత ఒక్క తల రాలలేదు.

ఈ హైడ్రోజన్ సంగతి కొత్తగా కనిపెట్టింది కాదు. 1875లోనే ఇంగ్లండులో జాన్సన్ అనే ఆయన ఇనుప తీగను కాసేపు యాసిడ్‌లో ముంచి, అది పుటుక్కున విరగడం చూసి, విరిగిన చోట తడి చేస్తే బుడగలు రావడం చూసి, రాయల్ సొసైటీకి రాసి పంపాడు. 150 ఏళ్లయింది. ఆ మాట లండన్ నుంచి నా షాపు దాకా రావడానికి ఒక పెళ్లి భోజనం కావలసి వచ్చింది. అది నాకు బాధగా ఉంది.

బెంగళూరులో చదువుకు కొదవ లేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ అని మేమంతా పిలుచుకునే భారతీయ విజ్ఞాన సంస్థ 1909 నుంచీ ఉంది. పీణ్యలో మెట్రో ఎక్కితే రెండో స్టేషను యశవంతపురం, అక్కడ దిగితే అది దగ్గరే. విమాన ప్రమాదాల్లో విరిగిన భాగాలను చూసి కారణం తేల్చే నిపుణులు ఇక్కడి జాతీయ విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌లో ఉన్నారు. అది మీ శాఖ కింద ఉన్న సీఎస్‌ఐఆర్ సంస్థే. పరిశోధన యంత్రాలను బయటివాళ్లు కూడా బుక్ చేసుకోవడానికి 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ పెట్టారు. మంచి పని. ఏ యంత్రం కావాలో తెలిసినవాళ్లకు అది బాగా పనికొస్తుంది. నాలాంటి వాడికి యంత్రం కంటే ముందు, ముక్కను చేతిలోకి తీసుకుని ‘ఏం జరిగింది, మొదటి నుంచి చెప్పు’ అని అడిగే మనిషి కావాలి.

అందుకే నేను అడుగుతున్నది ఇది. పీణ్యలో ఒక గది. వారంలో రెండు రోజులు, విరిగిన ముక్కలు చదవడం వచ్చిన ఒక మెటలర్జిస్టు అక్కడ కూర్చోవాలి. ఒక మామూలు మైక్రోస్కోప్, ఒక హార్డ్‌నెస్ మిషను, ముక్క కోసి పాలిష్ చేసే సరంజామా ఉంటే మొదలుపెట్టడానికి చాలు. అంతకు మించినది అవసరమైతే ఏ ల్యాబుకు పంపాలో, ఏం పరీక్ష రాయాలో ఆయనే నిర్ణయిస్తారు. ఫీజు మాలాంటి వాళ్లకు అందేలా ఉండాలి. ఊరికే ఇవ్వమని అనడం లేదు, ఉచితమంటే ఎవరూ విలువ ఇవ్వరు. రిటైరైన శాస్త్రవేత్తలు ఈ ఊళ్లో ఎంతమంది! పిలిస్తే సంతోషంగా వస్తారని నా నమ్మకం. పరిశోధన చేసే పిల్లలు కూడా వాళ్ల పక్కన కూర్చోవాలి. నాలుగు నెలలు చూస్తే, ఏ ప్రశ్న మీద పని చేయాలో వాళ్లకే తెలుస్తుంది.

ఆ గదికి వచ్చిన ప్రతి కేసునూ పేర్లు తీసేసి అందరికీ తెలిసేలా ప్రచురించాలి. ఇది నాకు గదితో సమానమైన కోరిక. మా రంగంలో ఏదైనా విరిగితే దాచేస్తారు. డెబిట్ నోటు భయం, పరువు భయం. అదే తప్పు పక్క వీధిలో మళ్లీ జరుగుతుంది. 1954లో బ్రిటన్ వాళ్ల కామెట్ అనే ప్రయాణికుల జెట్ విమానాలు గాల్లోనే ముక్కలైనప్పుడు సముద్రం అడుగు నుంచి ముక్కలు ఏరి, మరో విమానాన్ని నీళ్ల ట్యాంకులో పెట్టి పదేపదే ఒత్తిడి ఇచ్చి, లోహం అలసి చీలిందని తేల్చి, లోకానికంతా చెప్పారు. ఆ తర్వాత విమానాలు కట్టిన వాళ్లందరికీ ఆ పాఠం అందింది. మా బోల్టు చిన్నదే. అయినా అది లిఫ్టులోనో క్రేన్‌లోనో ఉండవచ్చు. ఒక్కో కేసుకు ఒక పేజీ, కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో రాస్తే ఫర్నేసు దగ్గర నిలబడే కుర్రాడు చదువుకుంటాడు.

ఇంకొక్క మాట. మా షాపు గోడ మీద ఈఎన్ 8, ఈఎన్ 19, ఈఎన్ 24 అనే ఉక్కు రకాల చార్టులు ఉన్నాయి. ఆ నంబర్లు 1941లో బ్రిటన్ యుద్ధకాలంలో పెట్టుకున్నవి. ఇవాళ మాకు వచ్చే ఉక్కులో తుక్కు కరిగించి చేసినదీ ఉంటుంది. తుక్కుతో రాగి, తగరం కొంచెం కొంచెంగా వచ్చి చేరతాయి. తగరం లాంటివి ఉంటే, టెంపరింగ్ తర్వాత మెల్లగా చల్లార్చిన ఉక్కు పెళుసుగా మారవచ్చు. హార్డ్‌నెస్ మిషను ఆ తేడా చూపించదు. ఉక్కుతో పాటు వచ్చే టీసీ (టెస్ట్ సర్టిఫికెట్) కాగితంలోనూ టెన్సైల్, సాగుదల, గట్టిదనం ఉంటాయి, లక్షల సార్లు వంగితే ఏమవుతుందో ఉండదు. మన దగ్గర నిజంగా అమ్ముడయ్యే ఉక్కును కొని, రకరకాల మందాల్లో హీట్ ట్రీట్‌మెంట్ చేసి, అలసటను, దెబ్బను తట్టుకునే శక్తి కొలిచి ఆ అంకెలు అందరికీ ఇవ్వండి. ఇది పెద్ద పేరు తెచ్చే పరిశోధన కాకపోవచ్చు. అయినా పీణ్యలో ప్రతి షాపూ ఆ కాగితం గోడకు అంటించుకుంటుంది.

సభల్లో మన ఉక్కు గురించి గొప్పగా చెబుతుంటారు. నిజంగా గొప్పదే. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. కమ్మరి కొడుకైన ఫారడే 1819లో లండన్‌లో కూర్చుని, ఇలా మూసల్లో చేసే మన ఊట్జ్ ఉక్కులో ఏముందో పరీక్షించాడు. కోనసముద్రం కమ్మరి మాత్రం తన పద్ధతి ఎక్కడా రాసి పెట్టలేదు. మూసలు ఆగిపోయాక ఆ చేతి విద్య కూడా పోయింది.

ఆ మూడు బోల్టు తలలు నూనె రాసి, గుడ్డలో చుట్టి నా టేబుల్ సొరుగులో ఉంచాను. ఫొటో కూడా ఉంది. మీ శాఖ నుంచి ఎవరైనా పీణ్యకు వస్తే చూపిస్తాను, కాగితాలన్నీ ఇస్తాను. గది దొరికే దాకా మా షాపు మేడ మీద ఖాళీగా ఉన్న గదిని వాడుకోవచ్చు. అద్దె అక్కర్లేదు.

ఇట్లు,
హీట్ ట్రీట్‌మెంట్ షాపు నడుపుకునే ఒక కమ్మరి కొడుకు
పీణ్య, బెంగళూరు