బ్యారేజీ మీద అంబారీ ఏనుగు

విజయవాడ

చిరంజీవి అమ్మడుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

నువ్వు పంపిన ఫొటోల్లో కొండపల్లి అంబారీ ఏనుగు ప్రకాశం బ్యారేజీ మీద నడిచిపోతున్నట్టు తీసినది నాకు బాగా నచ్చింది. పద్మావతి ఘాట్ దగ్గర పిట్టగోడ మీద బొమ్మను నిలబెట్టి, గోడ అంచు బ్యారేజీ గీతలో కలిసిపోయేదాకా నువ్వు వంగి వంగి చూసి ఉంటావు. ఉదయం పూట తీయడమూ మంచిదయింది. ఎండ నీ వెనకనుంచి పడి బొమ్మనూ గేట్లనూ ఒకే తీరుగా వెలిగించింది. ఫోను సెన్సారు చిన్నది కాబట్టి దగ్గరిదీ దూరానిదీ చాలావరకు స్పష్టంగానే వస్తాయి గాని, పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం పెట్టకు, అది వెనకున్న 70 గేట్లనూ మసకబార్చి గుట్టు బయటపెడుతుంది.

నేను స్టూడియోలో పనిచేసే రోజుల్లో ఒకే మనిషిని రెండు చోట్ల చూపించడానికి లెన్సు ముందు సగానికి నల్లట్ట అడ్డుపెట్టి ఒకసారి, ఫిల్ము తిప్పకుండా అట్టను రెండోవైపుకు మార్చి మరోసారి ఎక్స్‌పోజ్ చేసేవాళ్ళం. మనిషి హుషారుగా మధ్యగీత దాటి చెయ్యి చాపాడంటే ఆ చెయ్యి ప్రింటులో ఉండేది కాదు. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫొటోగ్రాఫరు తీసిన చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఫొటో చూడు, అందులో అన్నీ గాలిలోనే ఉంటాయి: డాలీ నిజంగానే ఎగిరాడు, నీళ్ళూ పిల్లులూ నిజంగానే విసిరినవి, కుర్చీని హాల్స్‌మన్ భార్య పట్టుకుంది. (పిల్లుల్ని విసరడం నాకు నచ్చదు, అది వేరే సంగతి.) ఆ నీటి వంపును ఎంత నేర్పరి అయినా కూర్చుని అలా గీయలేడు. ఒక్క అబద్ధం నిలబడాలంటే దాని చుట్టూ ఉన్నదంతా నిజమై ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

నాయనమ్మ అరుగు మీద గాలిలో కూర్చుని బియ్యం చెరుగుతున్న ఫొటోకు కుదరనిది అదే. స్టూలును చెరిపేశావు, కానీ కింద దాని నీడ మిగిలింది. పైగా స్టూలుకు ఆనిన చోట చీర చదునుగా నొక్కుకుపోయి, కింద ఏదో ఉందని చెప్పేస్తోంది. మళ్ళీ తీసేటప్పుడు ఫోనును స్టాండుకు బిగించి, ఫోకసూ ఎక్స్‌పోజరూ లాక్ చేసి, ముందు ఖాళీ అరుగును ఒకటి తీసుకో. తర్వాత ఇరుకైన పీట మీద ఆమెను కూర్చోబెట్టి, కుచ్చెళ్ళు అంచు మీదుగా వేలాడేలా సర్దు. రెండింటినీ కలిపేటప్పుడు పీట నీడను తీసేసి, ఆమె నీడను మాత్రం ఉంచు. నేల మీద నీడ లేకపోతే మనిషి తేలుతున్నట్టు ఉండదు, అతికించినట్టు ఉంటుంది.

దసరా సెలవులకు వచ్చినప్పుడు తీద్దువుగాని. నాయనమ్మ ఒప్పుకుంది, కాకపోతే చేటలో బియ్యం ఉండాలట, ఊరికే చేతులు ఆడించడం తన వల్ల కాదంటోంది.

ఇట్లు,
మీ నాన్న