చిన్నీ, నీ ల్యాబ్ కాగితం చదివాను

మత్తికెరె, బెంగళూరు

చిన్నీ,

ఇక్కడికి తిరిగొచ్చి పెట్టబోయే మెదడు పరిశోధన ల్యాబ్ కోసం నువ్వు రాసి పంపిన కాగితం చదివాను. "మా ల్యాబ్‌లో ఎలా పని చేస్తాం" అని పైన పెద్దక్షరాలతో రాశావు కదా, అదే. ఫోన్‌లో మాట్లాడదామంటే మాకు పగలైతే నీకు రాత్రి. పైగా నేనొకటి మొదలుపెడితే నువ్వు "అమ్మా, అది నాకు తెలుసు" అంటావు. అందుకే ఉత్తరం. తెలిసినవే అయినా చివరిదాకా చదువు.

కాగితం బాగుంది. సెలవులు, ల్యాబ్ మీటింగులు, డేటా ఎక్కడ దాచాలి, నోట్‌బుక్ ఎలా రాయాలి, పేపర్‌లో పేర్లు ఏ వరసలో రావాలి, అన్నీ పెట్టావు. ఒక్కటి మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఒక పిల్ల నీ దగ్గరికి వచ్చి "మేడం, మనం అనుకున్న ఫలితం రాలేదు" అంటే నువ్వేం చేస్తావు? "పోయిన నెల ప్రయోగంలో ఎలుకల బోనుల్లో రెండింటి చీటీలు తారుమారయ్యాయి, ఇప్పుడే చూసుకున్నాను" అంటే? ఆ నిమిషంలో నీ ముఖం ఎలా ఉంటుందో పిల్లలందరూ చూస్తారు. ఆ తర్వాత నీ కాగితాన్ని నమ్మాలా వద్దా అన్నది వాళ్ళు అప్పుడే తేల్చుకుంటారు.

నర్సుగా నా సర్వీసులో ఎక్కువ భాగం న్యూరో వార్డుల్లోనే గడిచింది. మొదట్లో మా పైన ఒక సూపరింటెండెంట్ ఉండేవారు. తప్పు జరిగిందని తెలిస్తే వార్డంతా వినిపించేలా కేకలేసేవారు. దాంతో ఇన్సిడెంట్ రిజిస్టర్ ఏడాది పొడుగునా ఖాళీ. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఆ ఖాళీ పేజీలు చూసి మెచ్చుకుని వెళ్ళేవారు! తప్పులు జరగక కాదు, రాసే ధైర్యం ఎవరికీ లేక. తర్వాత ఇన్‌చార్జ్‌గా వచ్చినావిడ వేరే మనిషి. ఒక రాత్రి ఫిట్స్ పేషెంటుకి ఫెనిటోయిన్ రెండుసార్లు పడింది. సాయంత్రం ఇచ్చిన డోసు కేస్‌షీట్‌లో ఎక్కించలేదు, నైట్ డ్యూటీ అమ్మాయి మళ్ళీ ఇచ్చింది. పేషెంట్ మత్తుగా తూలుతుంటే ఆ అమ్మాయి వణుకుతూ వచ్చి చెప్పింది. ఆవిడ ముందు "పేషెంట్ ఎలా ఉన్నాడు?" అని అడిగి డాక్టర్ని పిలిపించారు. అతను కోలుకున్నాక "ఇది ఎలా జరగనిచ్చాం?" అని మా అందర్నీ కూర్చోబెట్టారు. ఆ వారం నుంచి డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ మంచం పక్కనే నిలబడి చేయాలి, ఇచ్చిన డోసుకి అక్కడికక్కడే సంతకం పెట్టాలి. ఆ ఏడు రిజిస్టర్ నిండిపోయింది. పైవాళ్ళు కంగారు పడ్డారు గానీ ఆవిడ పడలేదు.

ఆస్పత్రి వేరు, ల్యాబ్ వేరు అంటావు. వేరే. వార్డులో తప్పు తెల్లారేసరికి పేషెంటు ఒంట్లో కనిపిస్తుంది. మీ దగ్గర పదిహేనేళ్ళయినా బయటపడకపోవచ్చు. ఆ అల్జీమర్స్ పేపర్ సంగతి నువ్వే కదా చెప్పావు. 2006లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది, ఒక రకం అమైలాయిడ్ ప్రోటీన్ జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుందని. వేరే శాస్త్రవేత్తలు రెండువేలసార్లకు పైగా దాన్ని ఉదహరించారు. అందులో బొమ్మలు మార్చినట్టున్నారని 2022లో సైన్స్ పత్రిక బయటపెట్టింది, 2024లో పేపర్ వెనక్కి తీసుకున్నారు. అల్జీమర్స్‌కి అమైలాయిడే కారణమన్న సిద్ధాంతమంతా కూలిపోయిందని కొందరు రాశారు, అది అతి అని నువ్వే అన్నావు. నాకు మాత్రం వార్డులో తండ్రి చెయ్యి పట్టుకుని "కొత్త మందేమైనా వచ్చిందా సిస్టర్" అని అడిగిన కొడుకులూ కూతుళ్ళూ గుర్తొచ్చారు. వాళ్ళకి నేచర్ అంటే ఏమిటో తెలియదు. అయినా వాళ్ళ ఆశ అక్కడినుంచే దిగి వస్తుంది.

2023లో స్టాన్‌ఫర్డ్ అధ్యక్ష పదవి వదులుకున్న న్యూరోసైంటిస్ట్ మార్క్ టెస్సియర్-లవీన్ విషయం ఇంకా ఆలోచించదగ్గది. ఆయన స్వయంగా డేటా మార్చలేదని విచారణ కమిటీ తేల్చింది. కానీ ఆయన నడిపిన ల్యాబుల్లో వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల చేతుల్లో డేటా మారిందని కూడా అన్నది. అనుకూలమైన ఫలితం తెచ్చినవాళ్ళకి ఆదరణ, తేలేనివాళ్ళకి చిన్నచూపు ఉండేదని అక్కడ పనిచేసిన కొందరు చెప్పారట. అలా లేదని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. అబద్ధం చెప్పమని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు చిన్నీ. నీకు ఏది వింటే సంతోషమో పిల్లలకి తెలిస్తే చాలు.

కాబట్టి ల్యాబ్ మీటింగులో ఏమీ రాని ప్రయోగానికి కూడా వచ్చినదానికి ఇచ్చినంత సమయం ఇవ్వు. ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకుండా లెక్కపెట్టాలని, ముడి డేటాని ఇంకొకరు తిరిగి చూడాలని రాశావు, చాలా మంచిది. నీ డేటా కూడా అలాగే ఎవరో ఒకరు చూస్తారని పక్కనే రాయి. లేకపోతే అనుమానంతో పెట్టావనుకుంటారు.

చచ్చిన చేప కథ మీ నాన్నకి చెప్పాను. 2009లో ఒక చచ్చిన సాల్మన్‌ని స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వేల చోట్ల ఒకేసారి వెతికితే ఊరికే తగిలే తప్పుల్ని లెక్కల్లో సరిదిద్దకుండా చూస్తే దాని మెదడు "స్పందించింది" అని వచ్చిందన్నది. "అయితే పులుసులో ముక్కకీ మనమీద అభిప్రాయం ఉంటుందేమో" అన్నారు. నవ్వుకున్నాం గానీ, 2013లో వచ్చిన ఆ ఇంకో లెక్కకి నవ్వు రాలేదు. న్యూరోసైన్స్ అధ్యయనాల్లో, నిజంగా ఉన్న తేడాని పట్టుకోగల శక్తి మధ్యస్థంగా 21 శాతమే అట కదా. అంటే నాలుగు ఎలుకలతో సరిపెట్టిన పని వల్ల ఏమీ తేలదు, ఆ నాలుగూ ఊరికే పోయినట్టు. ప్రాణులు తక్కువ వాడమంటే మరీ కొద్ది ఎలుకలతో కానిచ్చేయమని కాదు, తేలే ప్రయోగాలే చెయ్యమని నాకు అర్థమైంది. 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన ఆ మూడు సూత్రాలు (వీలైతే ప్రాణులు లేకుండా చెయ్యడం, తక్కువ వాడటం, బాధ తగ్గించడం), 1960 జంతు హింస నిరోధక చట్టం, మీ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇవన్నీ కాగితంలో ఉన్నాయి. లేనిది ఒకటుంది. మన పై పోర్షన్‌లో అద్దెకున్న అమ్మాయి మొదటిసారి ఎలుకని చంపి మెదడు తీసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ల్యాబ్‌లో సీనియర్లు "అలవాటైపోతుందిలే" అని నవ్వారట. అలవాటవుతుంది, నిజమే. నాకూ చావులు అలవాటయ్యాయి. కానీ మొదటి రోజు పక్కన నిలబడే మనిషి కావాలి. ఆ మొదటిసారి నువ్వే పక్కనుండి నేర్పు, పీహెచ్‌డీ అయిపోయి నీ దగ్గర పనిచేసే పోస్ట్‌డాక్ మీదికి తోసేయకు. ఎనిమల్ హౌస్ అటెండర్లతో నీ పిల్లలు పేరు పెట్టి, "గారు" చేర్చి మాట్లాడేలా చూడు. ఎలుక నలతగా ఉందని ముందు కనిపెట్టేది వాళ్ళే.

నీ రెండో ప్రాజెక్టు మనుషుల మీద, ఈఈజీ, అంటే తలకి ఎలక్ట్రోడ్లు అంటించి మెదడులోని విద్యుత్ తరంగాలు చూడటం. ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, ఇది నా రంగం. ఇక్కడి మెదడు, మానసిక జబ్బుల ఆస్పత్రి నిమ్హాన్స్ ఓపీ దగ్గర పొద్దున్నే వెళ్ళి చూడు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్ళుంటారు, అన్నం డబ్బా, పాత స్కాన్ కవరు పట్టుకుని. వాళ్ళకి వైద్యం వేరు, పరిశోధన వేరు అన్న సంగతి తెలియదు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు, పెట్టకపోతే మందివ్వరేమోనని. అందుకని వైద్యం చేసే డాక్టర్ చేత కన్సెంట్, అదే పరిశోధనకి ఒప్పుకోలు, అడిగించకు. ఫారం తెలుగులో, కన్నడలో ఉంటే సరిపోదు, చదివి వినిపించాలి. విన్నాక "ఇప్పుడు మేమేం చేయబోతున్నామో మీరు చెప్పండి" అని వాళ్ళచేత చెప్పించాలి. చదువు రానివాళ్ళ వేలిముద్రకి మీ ల్యాబ్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. వద్దన్నవాళ్ళకి కూడా ఒక టీ ఇచ్చి పంపండి, వద్దంటే కోపం రాదని పక్కన కూర్చున్నవాళ్ళకి కనిపించాలి.

ఇంకా చిన్న విషయాలు. మనవాళ్ళు ఊరికి బయల్దేరేముందు తలకి నూనె పెట్టుకుంటారు. ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోదు, మీ పిల్లలు విసుక్కుంటారు. ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, అయినా పెట్టుకొస్తే తలస్నానానికి ఏర్పాటు ఉండాలి. అయిపోయాక ఆ జెల్ వదిలించుకోవడానికి వేణ్ణీళ్ళు, శుభ్రమైన తువ్వాలు. జడ విప్పించాల్సి వస్తుంది కాబట్టి ఆడవాళ్ళ సెషన్‌లో ఒక అమ్మాయి ఉండాలి. బస్సు ఛార్జీలు అదే రోజు చేతిలో పెట్టండి, "బిల్లు పంపండి" అనకండి.

మతిమరుపు ఉన్నవాళ్ళతో ఇంకో చిక్కు ఉంది. ఫిట్స్ తగ్గించడానికని 1953లో మెదడు ఆపరేషన్ చేస్తే కొత్త జ్ఞాపకాలే నిలవకుండా పోయిన ఆ హెన్రీ మొలైసన్ ఉన్నాడే, 2008లో పోయేదాకా శాస్త్రవేత్తలు అతన్ని పరీక్షిస్తూనే ఉన్నారు. మీ పాఠాల్లో సగం అతని పుణ్యమే. ఓపిగ్గా, మంచిగా సహకరించాడని అందరూ రాస్తారు. కానీ నిన్న ఒప్పుకున్నది ఇవాళ గుర్తులేని మనిషి ఒప్పుకోలు ఎంతవరకు ఒప్పుకోలు? నా దగ్గర జవాబు లేదు. వార్డులో మాత్రం ప్రతిసారీ కొత్తగా అడిగేదాన్ని, ముఖం చిట్లిస్తే ఆపేసేదాన్ని, కొడుకు సంతకం ఎంత బలంగా ఉన్నా సరే.

ఇక పిల్లల సంగతి. పై పోర్షన్‌లో ఉన్న ఇద్దరూ పీహెచ్‌డీ వాళ్ళే. వాళ్ళకొచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్, 2023 నుంచి నెలకి 37,000 అయింది, బాగానే ఉంది కాగితం మీద. అది నెలల తరబడి రాకపోతే ఒకమ్మాయి తలొంచుకుని వచ్చి "ఆంటీ, అద్దెకి కొంచెం టైం కావాలి" అంది. మాకేం ఫరవాలేదన్నాం. వాళ్ళ గైడ్‌కి తెలుసా అంటే, "సార్‌తో డబ్బు మాటలు ఎలా మాట్లాడతాం" అంది. నువ్వు అడుగు. ప్రతి నెలా నువ్వే అడుగు, రాకపోతే అకౌంట్స్ సెక్షన్‌కి నువ్వే ఫోన్ చెయ్యి. వాళ్ళు చేస్తే ఎత్తరు, నువ్వు చేస్తే ఎత్తుతారు. శిక్షణలో ఉన్న ఎలుకలకి నీళ్ళు కొలిచి పెట్టాలి కదా, సంక్రాంతికీ ఓణంకీ ఆ డ్యూటీ ఎవరిది? వీళ్ళ ల్యాబ్‌లో ఊరు దూరమని ఎలాగూ వెళ్ళలేని పిల్లల మీదే ప్రతిసారీ పడుతోందట. డ్యూటీ చార్టులో నీ పేరు కూడా వేసుకో, ఉగాదికి వేసుకున్నా నేనేమనను.

రాత్రి పదకొండింటికి గైడ్ మెసేజ్ పెడితే ఆ టెన్షన్‌తో పై గదిలో లైటు ఒంటిగంటదాకా ఆరదు. 2018లో వచ్చిన ఒక సర్వేలో మామూలు జనంతో పోలిస్తే పరిశోధక విద్యార్థుల్లో డిప్రెషన్, ఆందోళన ఆరు రెట్లు ఎక్కువ కనిపించాయన్నావు. సర్వేల సంగతి ఎలా ఉన్నా, నాకు లైటు కనిపిస్తోంది. మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 కాగితం చివర కాకుండా మొదటి పేజీలో పెట్టు. పెట్టి ఊరుకోకు, ఎవరైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్తామంటే ఏ ప్రశ్నా అడక్కుండా పంపు.

పేపర్ మీద పేర్ల గురించి నీకు చెప్పక్కర్లేదు, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ వింటూ పెరిగావు. ఆయనతో కలిసి పనిచేసిన ఫిస్కే అసూయ వల్ల ఆయన పని కొంత వెలుగు చూడలేదని నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ అన్నారు. పని మొదలుపెట్టే రోజే పేర్ల మాట తేల్చుకుని రాసిపెట్టండి. టెక్నీషియన్ పేరు కూడా ఆ మాటల్లో రావాలి.

ఆడపిల్లల విషయం. ఈ ఊళ్ళోనే, మన ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, 1933లో సి.వి. రామన్ అంతటి మనిషి కమలా సోహోనీని ఆడపిల్లవని చేర్చుకోనన్నారు. పట్టుబడితే షరతులు పెట్టి తీసుకున్నారు. ఇప్పుడు పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, ఇంటర్నల్ కమిటీ ఉంది. ఫిర్యాదు వస్తే నువ్వు పంచాయితీ చెయ్యకు, "అతను అలాంటివాడు కాదే" అనకు. కమిటీకి పంపు.

చివరిగా తొమ్మిదో పేజీ. "ఏ సమస్య ఉన్నా నాతో చెప్పండి" అని రాశావు. సమస్య నువ్వే అయితే? వాళ్ళ ఫెలోషిప్ పొడిగింపు, థీసిస్ మీద సంతకం, రేపు ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం, మూడూ నీ చేతిలో ఉన్నాయి. నువ్వెంత మంచిదానివైనా నీ గురించి నీకే చెప్పరు. నీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకరి పేరు, గది నంబరు అక్కడ రాయి. నీ స్నేహితురాలిది కాదు, నీతో అప్పుడప్పుడు విభేదించేవాళ్ళది. ఏడాదికోసారి వాళ్ళు నీ పిల్లలతో నువ్వు లేకుండా మాట్లాడాలి. ఎవరేమన్నారో నువ్వు అడక్కూడదు, అడగనని కూడా రాసివ్వు. మొదటి ఏడాది ఎవరూ నోరు విప్పకపోవచ్చు. అయినా ఆ పేరు తీసేయకు.

టికెట్ తేదీ ఖాయమైతే చెప్పు, నాన్న ఎయిర్‌పోర్ట్‌కి వస్తారు.

అమ్మ