పక్క మంచం పెద్దావిడకు, ఇంకా అందరికీ కృతజ్ఞతలు

నాన్నగారు నిన్న సాయంత్రం ఇంటికి వచ్చారు. ఎలా ఉన్నారని ఫోన్లు చేసిన అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివారికి: ఆయనకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. మనం అనేది అర్థమవుతుంది, తాను అనాలనుకున్నది నోటికి రాదు. అఫేజియా అంటారట. ఊరి భజనలో ఎప్పుడూ ముందు నిలబడి పాట ఎత్తుకునే మనిషి, మంచినీళ్లు అడగలేక గోడవైపు తిరిగి పడుకునేవారు.

పక్క మంచం మీద ఒకాయన స్పృహ లేకుండా ఉన్నారు. ఆయన భార్య రోజూ దీపాల వేళ ఆయన చెవి దగ్గర మెల్లగా హారతి పాట పాడేవారు. ఒకరోజు నాన్నగారి ఎడమచేతి వేళ్లు మంచం పట్టీ మీద తాళం వేయడం ఆవిడ కంటపడింది. స్టూలు లాక్కుని వచ్చి, ఆయన అరచేతిలో తాళం వేస్తూ, "అన్నయ్యా, ఇది మీకు రాకుండా ఎలా ఉంటుంది" అని మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి పల్లవికి నాన్నగారి గొంతు కలిసింది. కూనిరాగం కాదు, మాటలతో సహా! "మీ నాన్న పలికాడమ్మా" అని నా గడ్డం పట్టుకుని, తన భర్త దగ్గరికి వెళ్లి అదే పాట అందుకున్నారు. ఆయన కళ్లు తెరవలేదు. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను. రెండు రోజులకు ఆయన్ని వేరే చోటికి మార్చారు. అమ్మా, మీ పేరు కూడా నాకు తెలియదు.

మాట ఎక్కువగా ఎడమ మెదడు పని అనీ, పాటకు రెండు వైపులూ సాయపడతాయనీ స్పీచ్ థెరపిస్టు తరువాత చెప్పారు. చిన్న మాటలను రాగం తీసి, ఎడమచేత్తో తాళం వేస్తూ అనిపించే మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ 1973లోనే బోస్టన్‌లో వచ్చిందట. పాట వచ్చినంత మాత్రాన మాట వచ్చేసినట్టు కాదనీ హెచ్చరించారు. ఇప్పుడు నాన్నగారు "నీళ్లు" అంటున్నారు, సాగదీసి, రాగంతోనే.

కానీ అంత పెద్ద ఆసుపత్రికి ఆ థెరపిస్టు ఒక్కరే. మా వంతు వచ్చేసరికి డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చారు. స్కానింగులకు డబ్బు మంజూరైంది, మాట నేర్పించడానికి పైసా లేదు. వరండాలో టీవీ సీరియల్ హోరెత్తుతున్నా ఎవరికీ పట్టదు, ఆవిడ పాట మాత్రం సెక్యూరిటీకి గోల అయింది!

అమ్మ, తమ్ముడు, మావారు... వాళ్ల సంగతి వేరే చెప్పాలా.

అయ్యో, రాత్రి డ్యూటీ నర్సమ్మను మరిచాను. పాట బయటికి వినబడకుండా వార్డు తలుపు దగ్గరగా వేసింది ఆమే. స్ట్రెచర్ తోసిన అబ్బాయికి, అర్ధరాత్రి మందులు తెచ్చిన ఆటో అన్నకు కూడా. భజన బృందం పెద్దలూ, మీరు ఫోనులో పంపిన పాటలు రోజూ వినిపిస్తున్నాం. ఆదివారం వస్తామన్నారు, తప్పకుండా రండి. గంటసేపు చాలు, త్వరగా అలసిపోతున్నారు.