రాఖీ బ్యాచ్ పర్సుల గురించి

మన కామెడీ వీడియోలు చూస్తూ మా దగ్గర పర్సులు, బెల్టులు కొంటున్న అన్నలకీ తమ్ముళ్లకీ, వాళ్ల కోసం కొనే అక్కాచెల్లెళ్లకీ నమస్కారం. విషయం సూటిగా చెప్పేస్తాను. జులై 20 తర్వాత మా దగ్గర కొన్న గోధుమరంగు పర్సు మీ దగ్గరుంటే, అది మేం చెప్పిన తోలుతో చేసింది కాదు. డబ్బు వెనక్కి కావాలన్నా ఇస్తాం, కొత్త పర్సు కావాలన్నా పంపుతాం. పాతది తిరిగి పంపక్కర్లేదు. బెల్టులకు ఈ గొడవ లేదు, అవి మా దగ్గరే కోసి కుట్టిస్తాం.

సెప్టెంబర్ చివర్లో ఖమ్మం నుంచి ఒక చెల్లెలు వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. రాఖీకి వాళ్లన్నయ్యకి ఇచ్చిన పర్సు అది. మడత దగ్గర పైపొర పెచ్చులుగా లేచిపోయి, కింద బూడిదరంగు పీచు కనిపిస్తోంది. "అన్నయ్య ఏమీ అనలేదన్నా, నాకే ఎలాగో ఉంది" అని రాసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

పొద్దున్నే వెళ్లి ర్యాక్‌లో మిగిలిన వాటిలో ఒకటి తీసి బ్లేడుతో అడ్డంగా కోశాను. మంచి తోలు కోస్తే అంచు మొత్తం ఒకే రకంగా, దట్టంగా ఉంటుంది. దీని మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంది, గోటితో లాగితే స్టిక్కర్‌లా వచ్చేసింది. మేం ఎప్పుడూ అడిగేది ఫుల్ గ్రెయిన్, అంటే చర్మంలో వెంట్రుకలుండే పైభాగాన్ని గీకకుండా ఉంచిన తోలు. అక్కడ పీచు గట్టిగా అల్లుకుని ఉంటుంది, వాడేకొద్దీ రంగు ముదిరి నునుపెక్కుతుంది. ఆ పైభాగం చీల్చి తీసేశాక మిగిలే కింది పొరని స్ప్లిట్ అంటారు. దానికి పాలియురేతేన్ అనే ప్లాస్టిక్ పూత పూసి, పైన తోలు గీతల అచ్చు కొట్టేస్తే కొత్తలో ఎవరూ తేడా కనిపెట్టలేరు. వెనక జేబులో పెట్టుకుని కూర్చుంటూ లేస్తూ, చెమట తగులుతూ ఉంటే మాత్రం ఆ పూత ముందు మడత దగ్గరే పగులుతుంది.

తమిళనాడులో ఈ పర్సులు చేసిచ్చిన యూనిట్ ఆయనతో మాకు నాలుగేళ్ల పరిచయం. మొదటిసారి వెళ్లినప్పుడు వాళ్లింట్లోనే భోంచేశాను. ప్రతి లాటుకీ ముందు ఒక తోలు ముక్క శాంపిల్ పంపేవాడు. ఈసారీ పంపాడు, ఆ ముక్క బంగారంలా ఉంది, ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. వచ్చిన సరుకు వేరు. ఫోన్ చేస్తే "రేటు పెంచమంటే మీరు ఒప్పుకోలేదు కదా సార్, ఇది కూడా జెన్యూన్ లెదరే" అన్నాడు. రేటు పెంచమని ఆయన అడిగింది నిజం, పర్సుకి 40 రూపాయల తేడా దగ్గర నేను పట్టుబట్టిందీ నిజం. గిట్టుబాటు కాకపోతే ఆర్డర్ వద్దనాలి, లేదా ఈ రేటుకి ఈ తోలే వస్తుందని చెప్పాలి. బజార్లో స్ప్లిట్‌ని కూడా జెన్యూన్ లెదర్ అనే అమ్ముతారు, మా బిల్లులో కూడా ఉత్త "లెదర్ వాలెట్" అని ఉంది, కాబట్టి గట్టిగా అడగడానికి నా చేతిలో కాగితం లేదు. మూడోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు. నాలుగేళ్ల పరిచయం అలా పోయిందంటే ఇప్పటికీ కడుపు రగులుతోంది. నా తప్పూ ఉంది. రాఖీ హడావిడిలో 400 పర్సులు వస్తే రెండు పెట్టెలు మాత్రమే విప్పి, కుట్టు చూసి, వాసన చూసి వదిలేశాను. కొయ్యలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ నలిపింది ఆ వీడియో సంగతి. చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒకటో తారీఖున హాస్టల్ రూమ్‌లో జీతం పర్సు ఫ్రెండ్స్ కంటపడకుండా దాచే వీడియో. చివర్లో మా నాన్న పర్సు చూపిస్తాను. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసినన్నాళ్లూ ఆయన జేబులో ఉన్న పర్సు, అంచులు నల్లబడ్డాయి గానీ ఒక్క కుట్టు ఊడలేదు. అది పట్టుకుని "మనదీ ఇలాగే, పదేళ్లు, నాదీ పూచీ" అన్నాను. మా పర్సుల్లో సగానికి పైగా ఆ వీడియో వల్లే అమ్ముడయ్యాయి.

యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో వేరే ఫైలు పెట్టడం కుదరదు. తీసేస్తే వ్యూస్ అన్నీ పోతాయి. మధ్యలో ముక్క కత్తిరించడం మాత్రం కుదురుతుంది, లింకు మారదు, వ్యూస్ పోవు. ఎడిటింగ్ చూసే మా బావమరిది అదే అన్నాడు, "ఆ 40 సెకన్లు లేపేద్దాం బావా, ఎవరికీ తెలీదు" అని. వాడి బాధా నాకు తెలుసు, ఆ వీడియోకి మూడు రాత్రులు కూర్చున్నాడు. పది రోజులు ఇద్దరం ఇదే గొడవ, ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే. ఒకరోజు నేనే ట్రిమ్ పెట్టి సేవ్ నొక్కబోయి ఆగిపోయాను. ఆ మాట విని 1,499 రూపాయలు పెట్టినవాళ్లు రేపు వెతుక్కుంటూ వస్తే అక్కడ ఆ మాటే లేకపోతే, నేను అనలేదని దబాయించినట్టే కదా. అందుకే వీడియో మొత్తం అలాగే ఉంచుతున్నాం. డిస్క్రిప్షన్‌లో మొదటి లైను, పిన్ చేసిన కామెంటు రెండూ ఈ పర్సుల గురించే. కొనే లింకు తీసేశాం.

"వీడియోలు చేసుకునేవాళ్లకి వ్యాపారం ఎందుకు" అని తెలిసినవాళ్లే అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. గడ్డం నూనెలు, వాచీలు తెచ్చి మీ పేరు వేసి అమ్మండి చాలు అన్నవాళ్లని ఎంతమందిని వెనక్కి పంపామో మాకు తెలుసు. మేం వాడని వస్తువు ఒక్కటీ అమ్మలేదు. ఇప్పుడు ఆపే ప్రసక్తే లేదు.

ఇక నుంచి తోలు మేమే చూసి కొంటాం, ఇక్కడ హైదరాబాద్‌లోనే చేత్తో కుట్టిస్తాం. చెట్ల బెరళ్లతో పదును చేసిన తోలు వాడుతున్నాం. తంగేడు చెక్క, కరక్కాయతో తోలు పదును చేయడం మన వైపు పాత పద్ధతే. క్రోమ్ రసాయనంతో త్వరగా అయిపోయే పని దీనికి వారాలు పడుతుంది, ఖరీదూ ఎక్కువే. అందుకని కొత్త పర్సు 1,850 అవుతుంది. మార్చుకునేవాళ్లు పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు. మా దగ్గర కుట్టే పెద్దాయన చెప్పులు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి, తొందరపెడితే పని పక్కన పెట్టేస్తాడు, వారానికి 25కి మించి రావు. దీపావళికి కొత్త ఆర్డర్లు తీసుకోవట్లేదు, ముందు మీ బాకీ తీరాలి. ప్రతి లాటులో ఒక పర్సు కెమెరా ముందు కోసి చూపించాకే అమ్ముతాం. మొదటిది ఈ ఆదివారం వీడియోలో కోస్తాను.

ఆర్డర్ నంబరు, మీకు డబ్బు కావాలో పర్సు కావాలో పాత వాట్సాప్ నంబరుకే పెట్టండి. ఆర్డర్ నంబరు దొరక్కపోతే పర్సు ఫొటో చాలు. డబ్బు రెండు రోజుల్లో వేస్తాం, పర్సుకి మాత్రం వరస ప్రకారం ఆగాలి. మొదటిది నిన్న ఖమ్మం వెళ్లింది.